తవిటినాయుడు అను నిలువు రవాణా సంస్థ

గేదెల తవిటినాయుడు అంతవరకూ మనిషిగానే ఉంటూ వచ్చాడు. కంపెనీగా మారిపోవడానికి మూలకారణం ఒక బేనరు.

నాగావళి ఒడ్డున ఉన్న ఆ పట్నంలో సంయుక్త కార్యాలయాల భవనం అని నాలుగంతస్తుల మేడ ఒకటుంది. మూడో అంతస్తులో ఆదాయ నిర్ధారణ శాఖ, దాని నెత్తిన నాలుగో అంతస్తులో ఆ శాఖ జాయింట్ డైరెక్టరు గారు కొలువుంటారు. ఆయన ఒకసారి ఏదో సదస్సుకి వెళ్ళారు. అక్కడ ఒకాయన తమ ఊళ్ళో ‘నూరు శాతం మొక్కలు నాటిన వీధి’ ఉందని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆ చప్పట్లు మన జాయింట్ డైరెక్టరు గారి చెవుల్లో రైలు దిగేదాకా మోగుతూనే ఉన్నాయి. దిగీ దిగగానే తమ మేడను ‘నూరు శాతం రిటర్నుల భవనం’ అని ప్రకటించి, గుమ్మానికి బేనరు కట్టించేశారు. ముందు ప్రకటన, తర్వాత పని. ఇకమీదట ఆ గుమ్మం దాటి లోపల పనిచేసే ప్రతి ప్రాణీ తన సొంత ఆదాయపు రిటర్ను దాఖలు చేసి తీరాలి. పన్ను పడుతుందా పడదా అన్నది వేరే సంగతి. పడనివాళ్ళు పడదని దాఖలు చెయ్యాలి.

ఉద్యోగులందరూ చేసేశారు. ఔట్‌సోర్సింగు వాళ్ళు మిగిలారు. వాళ్ళలో మొదటి వంతు తవిటినాయుడిది. ఎందుకంటే అతను లిఫ్టు నడుపుతాడు. రోజుకు నాలుగుసార్లు అధికారుల కంట్లో పడేది అతనొక్కడే.

ఆ లిఫ్టు పాతకాలపుది. ఇనుప జాలీ తలుపు చేత్తో లాగి మూయాలి. బొత్తం నొక్కితే కాసేపు ఆలోచించి గాని కదలదు. మూడో అంతస్తు చేరేలోపు ఇద్దరు మనుషులు ఇంటి సంగతులన్నీ చెప్పుకోవచ్చు. ఆ లిఫ్టులో చిన్న స్టూలు మీద కూర్చుని తవిటినాయుడు పెళ్ళయిన నాటినుంచీ సంసారం ఈడ్చుకొస్తున్నాడు.

“నాయుడూ, ఓసారి నా సీటు దగ్గరికి రా,” అన్నారు ఒకనాటి ఉదయం తనిఖీ అధికారి భానుమూర్తి గారు.

భానుమూర్తి గారి గురించి ఒక ముక్క చెప్పాలి. ఆయన సాధుప్రాణి. లంచం ఎరగడు, గట్టిగా మాట్లాడడం ఎరగడు, ఇంకొకరి టీ తాగడం కూడా ఎరగడు. ఆయనకున్న వ్యసనమల్లా నిబంధన. కొత్త నిబంధన ఏదైనా కంటబడితే పొత్తిళ్ళలో పసిపాపను చూసినట్టు మొహం విప్పారుతుంది.

ఆయన రిటర్ను తెరిచి అడగడం మొదలుపెట్టారు.

“యజమాని పేరు?”

“గవర్నమెంటండి.”

“కాదు. ప్రభుత్వం నిన్ను నియమించినట్టు దాఖలా లేదు.”

“అయితే ఏజెన్సీ అండి. వరప్రసాదుగోరు. ఆయనే నెల నెలా బేంకులో ఏస్తారు.”

“అలాగా. అయితే ఆయన నీ యజమానినని ఒక ముక్క రాసివ్వాలి. తీసుకురా. లేకపోతే ఈ గడి ఖాళీగా ఉండిపోతుంది. గడి ఖాళీగా ఉంటే భవనం నూరు శాతం కాదు.”

తవిటినాయుడు ఆ సాయంత్రం ఏజెన్సీకి వెళ్ళాడు. చెప్పుల కొట్టు పైన మేడ గదిలో ‘శ్రీ సర్వతోభద్ర మానవ వనరుల సేవలు’ అని బోర్డు ఉంటుంది. లోపల మానవులూ వనరులూ కనబడరు గాని, వరప్రసాద్ గారు మాత్రం కుర్చీ నిండా, కుర్చీ దాటి కూడా కనబడతారు. మాట మహా మెత్తన.

సంగతి వినగానే ఆయన రెండు చెవులూ మూసుకున్నంత పని చేశారు.

“యజమానినా? నేనా? అంత మాటనకు నాయుడూ! నువ్వు నాకు పనివాడివి కాదు. నా సర్వీస్ పార్ట్‌నర్‌వి. ఎగ్రిమెంట్‌లో సంతకం పెట్టావు గదా.”

“ఇంగిలీషులో ఉందండి. పెట్టమంటే పెట్టినాను.”

“అదే మరి, నమ్మకం అంటే. చూడూ, గవర్నమెంటు ఇస్తుంది, నువ్వు పుచ్చుకుంటావు. మధ్యలో నేను అద్దంలాంటోణ్ణి. ఉన్నా లేనట్టే.”

ఆ అద్దం నెలనెలా తన వాటా మినహాయించుకునే మిగిలింది దాటనిస్తుందన్న సంగతి తవిటినాయుడికి తెలుసు. అయినా పెద్దమనిషి మొహమ్మీద అనలేక వేరే రకంగా అడిగాడు.

“మరి నాను సెలవెడితే జీతం కోసెస్తారు గదండి. యజమాని కాకపోతే ఎలగ కోస్తారు?”

“పార్ట్‌నర్లు సెలవు పెట్టరు నాయుడూ,” అన్నారు వరప్రసాద్ గారు జాలిగా. “ఆ పూటకి వ్యాపారం మూసేస్తారు.”

మర్నాడు ఈ వైనమంతా విన్న భానుమూర్తి గారు కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి ఆ కళ్ళలో వెలుగు.

“ప్రభుత్వం నీకు యజమాని కాదు. ఏజెన్సీ నీకు యజమాని కాదు. యజమాని లేనివాడెవడు నాయుడూ?”

“దిక్కులేనోడండి.”

“కాదు. తానే యజమాని అయినవాడు! నువ్వు ఉద్యోగివి కావు. ఏకవ్యక్తి సంస్థవి. వ్యాపార ఆదాయం కింద దాఖలు చెయ్యాలి.” ఆయన లేచి నిలబడ్డారు. “కూర్చోండి. సంస్థను నిలబెట్టి మాట్లాడడం మర్యాద కాదు.”

ఆ క్షణం నుంచీ ఆయన తవిటినాయుణ్ణి ‘నువ్వు’ అనడం మానేసి ‘తమరు’ అనడం మొదలుపెట్టారు. తవిటినాయుడికి ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది.

“తమరి వ్యాపార స్వభావం?”

“లిఫ్టండి.”

“అది ఉపకరణం. స్వభావం చెప్పండి. ప్రజలను ఒకచోట ఎక్కించుకుని ఇంకోచోట దింపుతున్నారా?”

“దింపుతన్నానండి.”

“అంటే రవాణా. ఏ దిశగా?”

తవిటినాయుడు వేలు పైకి చూపించాడు. కాసేపు ఆలోచించి కిందికి కూడా చూపించాడు.

“నిలువు రవాణా,” అని రాసుకున్నారు భానుమూర్తి గారు పరవశంగా. “మన పరిధిలో ఇలాంటి సంస్థ తమరిదొక్కటే.”

రిటర్ను వెళ్ళిపోయింది. పన్ను అంటూ ఏమీ పడలేదు. భవనం నూరు శాతానికి ఒక్క మెట్టు దగ్గరైంది. అక్కడితో ఆగిపోతే ఈ కథే లేదు.

తవిటినాయుడికి ఇంట్లో భార్య గౌరీశ్వరి, అత్త అసిరమ్మ. అసిరమ్మకు ముగ్గురు కూతుళ్ళు. పెద్దల్లుడికి కిరాణా కొట్టుంది, రెండో అల్లుడికి ట్రాక్టరుంది. మూడో అల్లుడు గవర్నమెంటు వారి ఇనప్పెట్టెలో కూర్చుని పైకీ కిందికీ తిరుగుతాడని ఆవిడకి చెప్పుకోలేనంత నామర్దా. అయినా కొట్టు అల్లుడి ఇంట్లోనూ ట్రాక్టరు అల్లుడి ఇంట్లోనూ ఇమడలేక ఇక్కడే ఉంటుంది. కళ్ళకు శుక్లాలు ముదిరి లోకమంతా పాలనురుగులా కనిపిస్తుంది. నోరు మాత్రం స్పష్టంగా పనిచేస్తుంది.

అల్లుడు కంపెనీ అయ్యాడన్న కబురు విని ఆవిడ మంచం మీంచి దిగిపోయింది.

“ఓలమ్మ! కంపెనీయే? మా తవిటినాయుడే?”

“ఏటి కంపెనీయో ఏటో అత్తా, నాకేటీ తెల్దు,” అన్నాడు అతను.

“నువ్వూరుకో బాబూ. పెద్దోలు ఊరికే అంటారేటి?” అని, కూతుర్ని చెయ్యి పట్టుకోమని వీధి కుళాయి దగ్గరికి వెళ్ళి, బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళందరికీ చెప్పేసింది. “మా మూడో అల్లుడు కంపెనీ అయిపోనాడర్రా! కొట్టుకీ ట్రాక్టరుకీ ఇంత పేరొస్తాదేటి?”

వారం తిరక్కుండా మునిసిపాలిటీ నుంచి ఒకాయన వచ్చి, ఈ ఇంటి చిరునామాతో సంస్థ నమోదై ఉంది గనక బోర్డు లేకపోవడం నేరమని సెలవిచ్చాడు. గౌరీశ్వరి పాత రేకు మీద సున్నంతో అక్షరాలు దిద్దింది. అసిరమ్మ ఆ రేకును రెండు చేతులా తడిమి, “ఇంకాస్త పెద్దచ్చరాలు ఎయ్యలేకపోనావా,” అని సణిగింది. అంతకాలానికి ఆవిడ ఆ రోజే అల్లుడి కంచంలో మొదటి చేపముక్క తన చేత్తో వేసింది. అది కంచంలో పడలేదు, పక్కన పడింది. అయినా తవిటినాయుడు కళ్ళకద్దుకుని తిన్నాడు.

ఆవిడ కళ్ళ ఆపరేషనుకు పెద్దాసుపత్రిలో రోజు ఖాయమై ఉంది. ఆరోగ్య కార్డు ఉంది గనక ఖర్చు లేదు. ఆ రోజున ముగ్గురూ తలంటుకుని వెళ్ళారు. అక్కడి గుమాస్తా కార్డు నంబరు కొట్టి, తెర వంక చూసి, పెదవి విరిచాడు.

“కార్డు రద్దయింది. మీ ఇంట్లో ఒక సంస్థ ఉందంట గదా?”

“ఉన్నాది బావూ,” అంది అసిరమ్మ గర్వంగా. “ఇదిగో, ఈడే.”

“అయితే ఉచితం వర్తించదు. ఇది పేద కుటుంబాలకు.”

“ఈవిడ మా అత్తండి,” అన్నాడు తవిటినాయుడు.

“కంపెనీకి అత్తలుండరండీ. పక్కకి జరగండి, వెనకాల జనం ఉన్నారు.”

ఇంటికొచ్చాక అసిరమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. అల్లుణ్ణి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండునని అతనికి అనిపించింది. తిట్టని అత్తను చూడడం అతనికి అదే మొదలు.

మర్నాడు పొద్దున భానుమూర్తి గారు లిఫ్టు ఎక్కగానే తవిటినాయుడు గోడు వెళ్ళబోసుకున్నాడు.

“బావూ, నన్ను మళ్ళీ మనిషిని సేసీండి. మీకు దండవెడతాను. మా అత్తకి కళ్ళు పోతన్నాయండి.”

భానుమూర్తి గారి గుండె నిజంగానే కరిగింది. “నాకూ బాధగానే ఉందండీ. కానీ సంస్థను పుట్టించడానికి ఒక నిబంధన చాలు. రద్దు చెయ్యాలంటే సదరు సంస్థ మొదటినుంచీ సంస్థ కాదని సంశయాతీతమైన ఆధారం కావాలి. తమరి దగ్గర ఏదైనా...” అంటూ హఠాత్తుగా ఆగిపోయారు. మొహం పాలిపోయింది. “ఆపండి! లిఫ్టు ఆపండి!”

“ఏటైనాది బావూ?”

“తమరు నా పరిధిలోని పన్ను చెల్లింపుదారు. తమరిది రవాణా సంస్థ. నేను చార్జీ ఇవ్వకుండా ప్రయాణం చేస్తున్నాను. ఇది కానుక! ఇన్నాళ్ళ నుంచీ కానుకలు పుచ్చుకుంటున్నాను!”

ఒకటో అంతస్తులోనే దిగిపోయి, మోకాళ్ళు పట్టుకుని, మిగతా మెట్లు ఎక్కి వెళ్ళారు. వెళ్ళి ఊరుకున్నారా? తన తప్పును తానే రాసుకుని నాలుగో అంతస్తుకు నివేదిక పంపుకున్నారు. అంతటి నిజాయితీపరుడు రాశాక పైవాళ్ళు కాదనలేరు. శాఖలోని వారెవ్వరూ సదరు సంస్థ నుంచి ఉచిత ఆరోహణ, అవరోహణ సౌకర్యాలు స్వీకరించరాదని సర్క్యులరు వచ్చింది.

రెండు రోజులు మెట్లమీద నిట్టూర్పులు వినిపించాక, చార్జీ ఇచ్చి ఎక్కితే దోషం లేదు కదా అని ఎవరికో తట్టింది. చార్జీల నిర్ణయ ఉపసంఘం ఏర్పడింది. ఎక్కడానికి ఎంత అన్నది తొందరగానే తేలింది. దిగడం దగ్గర పీటముడి పడింది. దిగేటప్పుడు భూమి తనంత తానే లాగుతుంది గనక అందులో సంస్థ శ్రమ సగమేననీ, సగం చార్జీయే న్యాయమనీ ఒకరు వాదించారు. భూమ్యాకర్షణ ప్రభుత్వ ఆస్తి గనక దిగినందుకు సంస్థే ప్రభుత్వానికి కట్టాలని ఇంకొకరు. ఆడిట్ వారు ఈ మాట పట్టుకున్నారు. భూమ్యాకర్షణ సంగతి అలా ఉంచి, లిఫ్టు మాత్రం ప్రభుత్వ ఆస్తే కదా, ఒక ప్రైవేటు సంస్థ అద్దె కట్టకుండా దాన్ని ఇన్నేళ్ళుగా ఎలా వాడుకుంటోంది అని అభ్యంతరం రాశారు.

ఆ అభ్యంతరం తేలేవరకు లిఫ్టు తలుపుకు గుడ్డ చుట్టి, లక్క పోసి, సీలు వేశారు.

తవిటినాయుడు స్టూలు బయట వేసుకుని సీలుకు కాపలా కూర్చున్నాడు. మొదటి రోజు బాగానే ఉంది. రెండో రోజు జనం జాలిగా చూశారు. తర్వాత్తర్వాత మెట్లెక్కే ప్రతివాడూ అతనే ఈ మెట్లు కట్టించినట్టు గుర్రుగా చూడసాగాడు. నెలాఖరుకి వరప్రసాద్ గారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

“నాయుడూ, నీ వ్యాపారం మూసి ఉంది గదా. మూసిన వ్యాపారానికి బిల్లు పెట్టలేను. అర్థం చేసుకో, పార్ట్‌నర్.”

ఆ రాత్రి కంచం ముందు కూర్చున్నాక గౌరీశ్వరి ఉల్లిపాయ నలిపి పక్కన పెట్టింది. కూర లేదు.

“కంపెనీగోరూ,” అంది మెల్లగా, “డబ్బాలో బియ్యం నిండుకున్నాయి. రేపు రేషన్‌కెల్తే కంపెనీలకి బియ్యం ఇస్తారో ఇవ్వరో కనుక్కుని రండి.”

గోడవైపు తిరిగి పడుకున్న అసిరమ్మ లేచి కూర్చుంది.

“గౌరీ, రేపు నన్ను ఆ ఆపీసుకి తీసుకెల్లవే. నానెల్లి అడుగుతాను.”

“నువ్వెల్లి ఏటి అడుగుతావే అమ్మా? నీకు మెట్టు కనబడదు.”

“మెట్టు కనబడకపోతే కాలికి తగుల్తాదే. నడు.”

తల్లీకూతుళ్ళు భవనానికి వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. తవిటినాయుడు వద్దు వద్దంటున్నా అసిరమ్మ కూతురి భుజం పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. అల్లుడు వెంట వస్తానంటే, “సీలు కాడ నుంచి లేస్తే అదో తప్పని రాస్తారు, కూకో,” అని కసిరింది. కసిరిందన్న సంతోషంతో అతను కూర్చుండిపోయాడు. రెండో అంతస్తు మలుపులో ఆవిడకు రొప్పు వచ్చింది. గౌరీశ్వరి ఆవిణ్ణి మెట్టుమీద కూర్చోబెట్టి మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళింది.

ఆ మెట్టుమీదే ఇంకెవరో కూర్చుని ఆయాసపడుతున్నట్టు అసిరమ్మకు వినిపించింది.

“ఎవులు బావూ? అలగ రొప్పుతన్నావు?”

“ఇక్కడే పనిచేస్తానమ్మా. మోకాళ్ళ నొప్పులు.” ఆయన భానుమూర్తి గారు.

“లిఫ్టున్నాది గదేటి?”

“ఉంది. సీలు వేశాం.”

“ఆ లిఫ్టు మా అల్లుడిదే,” అంది అసిరమ్మ.

భానుమూర్తి గారు మోకాలు రుద్దుకోవడం ఆపేశారు.

“ఆడ్ని ఎవులో ఆపీసరు కంపెనీని సేసీసినాడు బావూ. ఆ బాబు శానా మంచోడట. ఒక్క పైసా ముట్టడట. మంచోలితోనే సిక్కు. సెడ్డోడైతే ఏదో ఓటి సేతిలో ఎట్టి ఒదిలించుకుందుము.”

భానుమూర్తి గారు తల వంచుకున్నారు. ఆయన్ని ఇన్నేళ్ళ సర్వీసులో ఎవరూ అంత మాట అనలేదు.

“నాకు కళ్ళు రాకపోతే పోనాయి,” అంటోంది అసిరమ్మ. “సూడవలసినయ్యన్నీ సూసీసినాను. గాని ఆసుపత్రోలు అన్న మాట నాకు నిద్దర పట్టనిస్తాలేదు. కంపెనీకి అత్త ఉండదన్నారు. సరే. ఉండదు. మరి నాను ఎవులికి అత్తనయ్యా? నా కూతుర్ని ఎవులికిచ్చి పెల్లి సేసినాను? ఆ దినాన పందిట్లో కూకున్నోడు మనిషా, కంపెనీయా? నువ్వు సదూకున్నోడివి, నువ్వు సెప్పు.”

భానుమూర్తి గారు తలెత్తారు.

“ఏమన్నారు? ఇంకొకసారి చెప్పండమ్మా.”

“ఏటి? కంపెనీకి అత్త ఉండదన్నారు.”

“కంపెనీకి అత్త ఉండదు,” అన్నారాయన గాలిలో రాసుకుంటున్నట్టు వేలు ఆడిస్తూ. “తమరు అత్తగారు. తమరు ఉన్నారు. నా ఎదురుగా ఉన్నారు. అత్తగారు ఉన్న పదార్థం కంపెనీ కాజాలదు. అమ్మా! ఇదే ఆధారం! సంశయాతీతమైన ఆధారం!”

మోకాళ్ళ సంగతి మరిచిపోయి ఆయన రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరుగెత్తారు. నీళ్ళ చెంబుతో వచ్చిన గౌరీశ్వరి ఎవరా మనిషని అడిగితే, “ఎవులో పాపం, కాల్లు బాగోలేవట, పరిగెడతన్నాడు,” అంది అసిరమ్మ.

ఆ సాయంత్రానికే నోటు తయారైంది. ‘సంస్థ అనగా బంధుత్వము లేనిది. బంధుత్వములలోకెల్ల తోసిపుచ్చ వీలుకానిది అత్తరికము. సదరు తవిటినాయుడునకు సజీవురాలైన అత్త కలదు. కావున సదరు వ్యక్తి, వ్యక్తియే.’ జాయింట్ డైరెక్టరు గారు అది రెండుసార్లు చదివారు. మెట్లవైపు ఒకసారి చూశారు. తమ మోకాళ్ళవైపు ఒకసారి చూసుకున్నారు. సంతకం పెట్టారు. అయితే కింద ఒక వాక్యం చేర్చడం మాత్రం మరవలేదు: అత్తరికము తహసీల్దారుచే ధ్రువీకరింపబడవలెను.

రెవెన్యూ వారు విచారణకు వచ్చారు. ఈవిడ అతనికి అత్త అనడానికి రుజువేమిటని వీధిలో వాకబు చేశారు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ముక్తకంఠంతో సాక్ష్యం చెప్పారు. “మూడు పూటలా తిడతాదండి. సొంత అత్త కాకపోతే అంత ఓపిక ఎవులికుంటాది?” అన్నారు. ‘సదరు అసిరమ్మ సదరు తవిటినాయుడునకు అత్త యనియు, ఆ అత్తరికము నేటికిని అమలులో ఉన్నదనియు ధ్రువీకరించడమైనది’ అని ముద్ర వేసి కాగితం ఇచ్చారు.

ఇక మిగిలింది యజమాని గడి. తవిటినాయుడు మనిషని తేలాక, మనిషికి జీతమిచ్చేవాడు ఎవడో ఒకడు ఉండాలి. వరప్రసాద్ గారు ససేమిరా అన్నారు. యజమానినని ఒప్పుకుంటే భవిష్యనిధి కట్టాలి, సెలవులివ్వాలి. అద్దం అలాంటివి చేస్తుందా?

కానీ నెల మొదట్లో బిల్లు పాస్ చేయించుకోవడానికి అద్దం నాలుగో అంతస్తు ఎక్కక తప్పదు. రెండో అంతస్తు మలుపు చేరేసరికి వరప్రసాద్ గారి చొక్కా తడిసి ముద్దయింది. రెయిలింగు పట్టుకుని వేలాడుతున్నారు. భానుమూర్తి గారు కాగితం పుచ్చుకుని ఎదురుగా నిలబడ్డారు. పక్కనే ఊడ్చే జోగమ్మ చీపురు ఆపి చూస్తోంది.

“అయ్యా, లిఫ్టు నడిపేది మనిషే అని రుజువైంది. అతనికి యజమాని ఉన్నాడని తెలిస్తే ఈ పూటే సీలు విప్పుతాం. బలవంతం ఏమీ లేదు. తమరి బిల్లు పైనుంది, మెట్లు ఇటున్నాయి.”

వరప్రసాద్ గారు పైకి చూశారు. ఇంకా రెండంతస్తులు. కిందికి చూశారు. మళ్ళీ రెండంతస్తులు.

“పెన్నివ్వండి,” అన్నారు.

గోడకి ఆనించి సంతకం చేశారు. అక్షరాలు స్పష్టంగానే పడ్డాయి.

సీలు విప్పిన రోజున భానుమూర్తి గారు లిఫ్టులోకి అడుగుపెట్టి, “మూడు నొక్కు, నాయుడూ,” అన్నారు. ‘నొక్కండి’ అనలేదు. తవిటినాయుడికి కళ్ళు చెమర్చాయి. ఆయన తనను ‘నువ్వు’ అని పిలిచి ఎన్నాళ్ళైందో!

ఆరోగ్య కార్డు బతికింది. అసిరమ్మకు ఒక కన్ను ఆపరేషను అయింది. కట్టు విప్పాక ఎదురుగా నిలబడ్డ అల్లుణ్ణి ఆవిడ కిందనుంచి పైదాకా చూసి, “ఓలి నా తల్లే, ఇలగ సిక్కిపోనావేటి? నా కూతురు నీకు తిండి ఎడతందా లేదా?” అని ఆసుపత్రి వార్డంతా వినపడేలా కూతుర్ని తిట్టింది. పెద్ద అల్లుళ్ళిద్దరూ పళ్ళు పట్టుకొచ్చారు. కంపెనీ పోయినందుకు వాళ్ళు సానుభూతి చూపించబోతే, “కంపెనీలు ఎవులికైనా ఉంటాయి, మనిషని కాయితం ఉన్నాదేటి మీకు?” అని నోరు మూయించింది.

శాఖలో ఆ నోటు సంచలనమైంది. నాలుగో అంతస్తులో జాయింట్ డైరెక్టరు గారు దాన్ని ఉత్తర్వుగా మార్చి, మిగతా ఔట్‌సోర్సింగు వాళ్ళందరికీ వర్తింపజేశారు. మనిషినని చెప్పుకోదలచినవారు అత్త ఉన్నట్టు ధ్రువపత్రం జతచేయవలెను. పెళ్ళైనవాళ్ళు ఎలాగో తెచ్చుకున్నారు. మూడో అంతస్తులో ఒక కంప్యూటరు ఆపరేటరు హడావుడిగా సంబంధం ఖాయం చేసుకున్నాడు. అత్త లేనివాళ్ళు కంపెనీలుగానే మిగిలిపోయారు.

ఒక ఉదయం జోగమ్మ లిఫ్టు దగ్గరికొచ్చి నిలబడింది. ఇన్నేళ్ళలో ఆవిడ లిఫ్టు ఎక్కింది లేదు. చీపురున్నవాళ్ళు మెట్లమీద వెళ్ళాలని ఎవరో ఎప్పుడో చెప్పారు. చేతిలో నలిగిన నోటీసు కాగితం.

“తవిటినాయుడూ, నాకూ ఒచ్చేసినాదిరా. నాను ‘నేల పరిశుభ్రతా సంస్థ’ నట. నా మనవడి సదువు పీజు ఇంక గవర్నమెంటు కట్టదట.”

అప్పుడే భానుమూర్తి గారు గుమ్మం దాటి వస్తున్నారు. తవిటినాయుడు ఆయన్ని ఎక్కించుకున్నాడు. జాలీ తలుపు సగం మూసి, మళ్ళీ తెరిచాడు.

“జోగమ్మప్పా, ఎక్కు.”

“నానా?”

“ఎక్కమంటంటే. సీపురు కూడా అట్టుకో.”

తలుపు మూశాడు. బొత్తం నొక్కాడు. లిఫ్టు ఎప్పట్లాగే కాసేపు ఆలోచించి మెల్లగా కదిలింది.

“మూడు దాకా టయిముంది అప్పా,” అన్నాడు తవిటినాయుడు ఎటో చూస్తూ. “సెప్పుకో.”

ఒకటో అంతస్తు దాటేదాకా జోగమ్మ చీపురు పుల్లలు సర్దుకుంది. తర్వాత నోటీసును భానుమూర్తి గారి చేతికిచ్చింది.

“మా అత్త పోయి శానా కాలమైనాది బావూ. మంచిదే, నన్ను బాగా సూసుకుంది. మా ఇంటాయనా పోనాడు. అత్త బతికుంటేనే నాను మనిషినా?”

భానుమూర్తి గారు నోటీసు చదివారు. కింద ఉన్న సంతకం ఆయనదే. ఏదో నిబంధన చెప్పబోయి, నోటీసును జాగ్రత్తగా మడిచి చేతిలో పట్టుకున్నారు. రెండో అంతస్తు గోడ నెమ్మదిగా కిందికి జారిపోయింది.

మూడో అంతస్తు వచ్చింది. తవిటినాయుడు జాలీ లాగాడు. ఎదురుగా ఆయన సీటూ, సీటు మీద పేర్చిన ఫైళ్ళూ కనబడుతున్నాయి. భానుమూర్తి గారు కదల్లేదు.

“తలుపు వేసెయ్యి, నాయుడూ,” అన్నారు చివరికి. “నాలుగుకి పోనీ. ఈవిడ కూడా వస్తుంది.”